జనం లేని లోయ

కాన్రాడ్ ఫెల్‌నర్ ఎప్పుడూ ముందు ఆకాశానికీ భూమికీ మధ్య గీత గీస్తాడు. ఆ గీత కుదిరితే మిగతా బొమ్మంతా దాన్ని పట్టుకుని నిలబడుతుందని అతని నమ్మకం. శిఖరం మీద గాలి ఈడ్చి కొడుతోంది. కాగితం నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులతో పెన్సిలు పట్టుకుని, దూరపు కొండల వరసను ఎడమ నుంచి కుడికి చెయ్యెత్తకుండా లాగాడు. ఆ తర్వాత దగ్గరి కొండలు, వాటి వెన్నులు, నీళ్ళు దిగే చీలికలు. అన్నిటికన్నా చివర, కాళ్ళ కింద పరుచుకున్న లోయ.

ఆ కొండల్లో మధ్యాహ్నమైతే ఉరుములు తప్పవు. అందుకని చీకటితోనే ఎక్కి, మబ్బు కమ్మేలోగా దిగిపోవడం సర్వే వాళ్ళకు అలవాటు. అవతలి అంచున మేజర్ హోల్‌కమ్ మూడు కాళ్ళ మీద నిలబెట్టిన థియోడొలైట్ దుర్బిణిలో కన్ను పెట్టి కోణాలు చూస్తున్నాడు. దారి చూపడానికి వచ్చిన యూట్ తెగ మనిషి నికాసియో బండ చాటున కూర్చుని ఎండు మాంసం నములుతూ కాన్రాడ్ చేతినే గమనిస్తున్నాడు.

"నది వంపు దగ్గర పొగ అడ్డమొచ్చింది" అన్నాడు కాన్రాడ్. "దాని వెనక నీళ్ళు ఎటు తిరుగుతాయి?"

"ఎడమకి. తిరిగే చోట గట్టు మీద మా పెద్దమ్మ ఉంటుంది."

కాన్రాడ్ నదిని ఎడమకు తిప్పి ముందుకు సాగించాడు. నికాసియో మెడ చాచి చూశాడు.

"పెద్దమ్మేదీ?"

"రేపు ఉండనిది మేం గీయం. మబ్బు గీయం, నీడ గీయం, పొగ గీయం. నేల ఒక్కటే."

"పెద్దాయనా, మా పెద్దమ్మ పొగ రేపు కూడా ఉంటుంది. ఆవిడ పొయ్యి ఆరిన రోజు నేను పుట్టాక చూళ్ళేదు. మా పెదనాన్న పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి వండి పెట్టింది."

"నికాసియో, ఆయన్ని పని చేసుకోనీ" అన్నాడు మేజర్ దుర్బిణిలోంచి తల ఎత్తకుండానే.

కాసేపటికి థియోడొలైట్ ఇత్తడి చక్రం తేనెటీగల తుట్టెలా సన్నగా రొద పెట్టడం మొదలెట్టింది. కాన్రాడ్ గడ్డంలో వెంట్రుకలు ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి. అంటే పిడుగు దగ్గర్లోనే ఉందన్నమాట. ముగ్గురూ మాట్లాడుకోకుండా సామాను కట్టేసి రాళ్ళ మీద జారుతూ దిగారు.

మర్నాడు మకాంలో కాన్రాడ్ గుడారం తలుపు ఎత్తి కట్టి, వెలుతురు ఎడమ నుంచి పడేలా బల్ల జరుపుకుని, శిఖరం మీద గీసిన బొమ్మను మ్యాపు షీటు మీదికి ఎక్కిస్తున్నాడు. సన్న నిబ్బును నల్లసిరాలో ముంచి, సీసా అంచుకు తగిలించి, ముందు చిత్తుకాగితం మీద ఒక గీత లాగి చూస్తాడు. ఆ తర్వాతే షీటు. వాలు ఎక్కువున్న చోట గీతలు దగ్గరగా, తక్కువున్న చోట ఎడంగా. పని సాగేటప్పుడు ఊపిరి బిగబట్టడం, గీత చివర వదలడం అతనికి తెలియకుండానే జరిగిపోతాయి.

వంటవాడు టూమీ కాఫీ తెచ్చి బల్లకు దూరంగా, పెట్టె మీద పెట్టాడు. ఒకసారి కప్పు ఒలికి నెలరోజుల పని పోయినప్పటి నుంచీ అతను ఆ బల్ల దగ్గరకు రాడు.

"చిక్కుడు గింజలు మళ్ళీ మాడాయి ఆర్టిస్టు గారూ. వాటినీ బొమ్మ గీయండి, నల్ల సిరా ఎటూ ఉంది."

"గీస్తే తినాల్సిన పని ఉండదంటే ఇప్పుడే గీస్తాను."

మేజర్ వచ్చాడు. అతను కాన్రాడ్ కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. పనిలో ఖచ్చితం, చలిలో తన దుప్పటి ఇంకొకరికి ఇచ్చి, ఇచ్చినట్టు చెప్పుకోని మనిషి. షీటు మీద వంగి చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఇక పేర్లు. నదికి ఉన్న పేరే ఉంచు. లోయలో ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద అక్షరాల్లో 'నిర్జనం' అని వెయ్యి. దాని కింద చిన్నగా, 'పచ్చిక మంచిది'."

కాన్రాడ్ పెన్సిలుతో అక్షరాలకు చోట్లు గుర్తు పెట్టుకున్నాడు. మ్యాపులో పెద్ద చోటు పేరు రాసేటప్పుడు అక్షరాలను దూరంగా పరచాలి, చోటంతా ఆ పేరుదే అయ్యేలా. మొదటి అక్షరం సిరాతో వేశాక అడిగాడు.

"నది వంపులో గుడారాలు ఉన్నాయి కదండీ?"

"వేసవికి వస్తారు. మంచు పడితే కిందికి పోతారు. ఇల్లు లేదు, కంచె లేదు, దున్నిన మడి లేదు."

"ఈ షీటు ఎవరు చూస్తారు?"

"చలికాలంలో కమిషన్ కూర్చుంటుంది. యూట్‌ల కింద ప్రభుత్వం ఉంచిన నేలలో ఏయే లోయలు వాళ్ళకి అక్కర్లేదో తేలుస్తారు. ఆ పెద్దమనుషులు కొండలెక్కరుగా. బల్ల మీద షీటు పరుచుకుని చూస్తారు." మేజర్ గొంతులో ఏ ద్వేషమూ లేదు. రేపటి వాతావరణం చెప్పినట్టే చెప్పాడు.

"అయితే గుడారాలు గీస్తాను."

"గీసుకో. అచ్చుకి పలక చెక్కేవాడు తీసేస్తాడు. మనుషులు, పశువులు, పొగ, ఇవన్నీ అలంకారం కింద జమ. పోయినేడు నువ్వు ముచ్చటపడి వేసిన దుప్పులు ఏమయ్యాయి?"

కాన్రాడ్ నిబ్బు మళ్ళీ సిరాలో ముంచాడు. రెండో అక్షరం వేశాడు. మూడోది వేశాడు. మాట పూర్తయ్యేసరికి లోయ నిజంగానే ఖాళీగా కనిపించింది.

మేజర్ వెళ్ళాక నికాసియో వచ్చి, గుడారం బయటే గొంతుక్కూర్చుని అడిగాడు. "నిన్న అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు ఏదో రాశావ్. ఏంటది?"

వేరే ఏదైనా చెప్పొచ్చు. కానీ కాన్రాడ్ అక్షరం అక్షరం వేలితో చూపించి చదివాడు. దాని అర్థం చెప్పాడు. షీటు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాడు.

నికాసియో నేల మీది పుల్ల తీసి విరిచాడు. విరిచిన ముక్కను మళ్ళీ విరిచాడు.

"మా పెద్దమ్మకి చెప్పకు" అన్నాడు లేస్తూ. "నమ్మదు. నవ్వుతుంది. ఆ నవ్వు నేను వినలేను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మేజర్ మరునాటి పని చెప్పాడు. వాళ్ళు ఎక్కిన శిఖరాన్నీ, లోయ అవతలి శిఖరాన్నీ కలపాలంటే లోయలో ఒక స్టేషను, అంటే కొలతలకు ఆధారమయ్యే గుర్తు, కావాలి. కాన్రాడ్ దిగి, నది వంపు దగ్గర చదునైన చోటు చూసి, గుర్తు నిలబెట్టి, అక్కడి నుంచి రెండు శిఖరాలకూ కోణాలు తీయాలి. ఆ పై రోజు ఇద్దరూ రెండో శిఖరం ఎక్కి, ఆ గుర్తును పై నుంచి చూస్తే త్రిభుజం పూర్తవుతుంది. ఈ ఏటికి ఇదే ఆఖరి త్రిభుజం.

"ఎక్కడైనా పరవాలేదా?" అన్నాడు కాన్రాడ్.

"పై నుంచి కనపడితే చాలు."

కాన్రాడ్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. చెక్కేవాడు పొగను తీసేయగలడు, మనుషుల్నీ తీసేయగలడు. స్టేషనును తీసేయలేడు. షీటు మీద ప్రతి కొండ ఎత్తూ, ప్రతి దూరమూ స్టేషన్ల మీదుగానే వస్తాయి. ఒక్కటి చెరిపితే లెక్కంతా ఊడిపోతుంది.

గిన్నెలు కడుగుతూ టూమీ గొంతు తగ్గించి అన్నాడు. "మీ మొహం నాకు నచ్చలేదు సార్. మేజరుతో పెట్టుకుంటే వచ్చే వేసవికి మీ కంచరగాడిద మీద ఇంకొకడు ఎక్కుతాడు."

"అది వాణ్ణి కూడా కింద పడేస్తుందిలే."

"పడేస్తుంది. కానీ మీరెక్కడికి పోతారు?"

కాన్రాడ్ యాభై దాటిన మనిషి. కొండలు గీయడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. గిన్నె తుడిచి టూమీ చేతికిచ్చి వెళ్ళి పడుకున్నాడు.

నికాసియో పెద్దమ్మను అటుపక్క మెక్సికన్లు మార్సెలీనా అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఆవిడకీ నచ్చింది కాబట్టి బయటివాళ్ళకి అదే పేరు. మర్నాడు కాన్రాడ్, నికాసియో వెళ్ళేసరికి ఆవిడ గుంజలకు బిగించిన దుప్పి తోలు మీద ఎముకతో చేసిన పనిముట్టు పెట్టి, ఒళ్ళంతా ఊపుతూ గీకుతోంది. లేవలేదు. పొయ్యి వైపు మూతి చాచింది. అంటే కూర్చోమని, తినమని.

"ఎవరీ అబ్బాయి?" అంది. ఆవిడ మాటల్ని నికాసియో తెచ్చి ఇచ్చాడు.

"కొండలు గీస్తాడు పెద్దమ్మా."

"పెళ్ళాం లేదా?"

"పోయిందట."

"అందుకే బొత్తాం తిరగేసి కుట్టుకున్నాడు."

కాన్రాడ్ తన కోటు వైపు చూసుకున్నాడు. నిజమే. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మాంసం పులుసులో అడవి పండ్లేవో వేసి వండింది. పుల్లగా, వేడిగా ఉంది. రెండోసారి అడగకుండానే పోసింది.

తిన్నాక అతను షీటు తీసి చూపించాడు. ఆవిడ చేతులకు కొవ్వు అంటుకుని ఉంది. కాగితానికి తగలకూడదని ఆవిడకే తోచినట్టుంది, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని వంగి, మూతితోనే చూపిస్తూ నది వెంట వచ్చింది. జంట ఊటలు. ఎర్రబండ. గుర్రాలు దాటే రేవు. అన్నీ గుర్తుపట్టి ఒక్కోదానికీ గొంతులో చిన్న శబ్దం చేసింది. వంపు దగ్గరకు వచ్చి ఆగింది. చాలాసేపు చూసింది.

"పాపం" అంది చివరికి. "అంత ఎత్తెక్కితే ఎవరికి మాత్రం కనపడుతుంది?"

నికాసియో ఆ మాట చెప్పేసి నది వైపు వెళ్ళిపోయాడు.

కాన్రాడ్ ఆవిడ గుడారం పక్కనే దుర్బిణి బిగించిన సర్వే బల్ల నిలబెట్టాడు. గుడారం మీద ఆకాశంలోకి పొడుచుకొచ్చిన కొయ్యల గుత్తి అన్నిటికన్నా ఎత్తు. దానికి తెల్లగుడ్డ కట్టించాడు. దాని నీడలోనే రాళ్ళు పేర్చి, చోటు గుర్తుకు సీసపు ముక్క పాతి, రెండు శిఖరాలకూ కోణాలు తీశాడు. పిల్లలు చుట్టూ మూగితే ఒక్కొక్కరికీ దుర్బిణిలో చూపించాడు. పనంతా ఎప్పటిలాగే నియమం ప్రకారమే చేశాడు, ఒక్క కోణమూ తప్పు పడలేదు. అయినా దొంగపని చేసినవాడిలా చెవులు వేడెక్కాయి.

అప్పుడు తెలిసింది, గుడారాల వాళ్ళు మర్నాడు పొద్దున్నే దిగిపోతున్నారని. గడ్డి అయిపోయింది. రాత్రుళ్ళు నీళ్ళ మీద మంచు పొర కడుతోంది. ముందే పోవలసింది, ఈ తోలు కోసం ఆగారు.

"నేను పై నుంచి చూసేదాకా ఈ ఒక్క గుడారమైనా ఉంచమని అడుగు" అన్నాడు కాన్రాడ్.

నికాసియో అడిగాడు. మార్సెలీనా గీకుడు ఆపి కాన్రాడ్ వైపు చూసింది. కమిషన్ సంగతీ, షీటు మీది మాటా ఆవిడకు తెలియవు. ఆవిడకు కనపడింది ఒక్కటే: తిరగేసిన బొత్తాంతో నిలబడి, పని మధ్యలో ఆగిపోతుందేమోనని కంగారు పడుతున్న మగవాడు.

"పని అయ్యేదాకా ఉంటానని చెప్పు" అంది. "అయ్యాక ఎలా తెలుస్తుంది?"

"శిఖరం మీద జెండా పెడతాం. దించితే అయినట్టు."

అనుకున్న రోజు శిఖరం మబ్బులోనే ఉండిపోయింది. ఆ మర్నాడూ అంతే. మేజర్ గుడారం ముందు అటూ ఇటూ తిరుగుతూ ఆకాశాన్ని చూశాడు. టూమీ చిక్కుడు గింజలు మాడ్చాడు. కింద మార్సెలీనా గుర్రాలు బెరడు కొరుకుతున్నాయని, ఆవిడ తమ్ముడు రోజుకోసారి గొడవ పెట్టుకుంటున్నాడని నికాసియో వచ్చి చెప్పాడు.

"ఆవిడ ఏమంటుంది?" అన్నాడు కాన్రాడ్.

"అబ్బాయి పని కాలేదు అంటుంది. అంతే."

కాన్రాడ్ ఆవిడకు మేలు చేస్తున్నాననుకుని మొదలెట్టాడు. ఇప్పుడు ఆవిడ గుర్రాల కడుపు మాడ్చుకుని అతని పని నిలబెడుతోంది.

మూడో రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మేజర్, కాన్రాడ్, నికాసియో రెండో శిఖరం ఎక్కి జెండా పాతారు. గీత అక్కడికక్కడే పడాలని షీటు వెంట తెమ్మన్నది మేజరే. అతను దుర్బిణిని లోయకు వంచి, మర తిప్పి, ఆగాడు. తల ఎత్తి కాన్రాడ్‌ని చూసి మళ్ళీ కన్ను పెట్టాడు.

"ఇది రాళ్ళ గుట్ట కాదు. గుడారం."

"గుట్ట కూడా ఉంది. కొయ్యలు ఇంకా ఎత్తు. పై నుంచి కనపడాలన్నారు."

"కావాలనే చేశావ్."

"అవునండీ."

గాలి జెండాను పటపటలాడించింది. పడమట అప్పుడే మబ్బు చిన్న చిన్న మేడలు కడుతోంది. మేజర్ కోపంగా ఉన్నాడో లేదో కాన్రాడ్‌కి తెలియలేదు. మేజర్ మళ్ళీ వంగి, కొయ్యల గుత్తిని దుర్బిణిలోని సన్నదారం మీదికి తెచ్చి, కోణం చదివాడు. అలవాటు ప్రకారం రెండోసారీ చదివాడు. కాన్రాడ్ రాసుకున్నాడు.

"స్టేషను పేరు?"

"అక్కడ దొరికే గుర్తును బట్టి పెట్టాలన్నది మీ నియమమే. మార్సెలీనా."

"నంబరు వేస్తే సరిపోతుంది."

"సరిపోతుంది" అన్నాడు కాన్రాడ్. "కానీ మీరు ఎప్పుడూ నంబరు వెయ్యరు."

మేజర్ జెండా దించమని చెయ్యి ఊపాడు. నికాసియో దించాడు. రెండు చుట్టలు చుట్టాడో లేదో, కింద గుడారం తోలు ఊడి పడింది. కొయ్యలు ఒక్కొక్కటే వాలాయి. తక్కిన గుర్రాలు ముందే సామాను ఎక్కించుకుని ఉన్నాయి కాబోలు, చూస్తుండగానే వరస కట్టి నది వెంట కదిలాయి.

"చూశావా" అన్నాడు మేజర్. నెమ్మదిగానే అన్నాడు, నిరూపించినట్టు కూడా కాదు. "వెళ్ళిపోతున్నారు. నేను అబద్ధం రాయించలేదు ఫెల్‌నర్."

కాన్రాడ్‌కి ఆ మాట కొత్త కాదు. ఇన్నేళ్ళూ తను గీయనిదంతా, రేపు ఉండదనే గీయలేదు.

"మేజరు గారూ" అన్నాడు నికాసియో జెండా చంకలో పెట్టుకుని. "మంచు పడితే మీరు ఎక్కడికి పోతారు?"

"వాషింగ్టన్‌కి. ఇంటికి."

"వేసవంతా ఇక్కడే ఉన్నారు కదా. ఇల్లు ఖాళీయేనా?"

"మా ఆవిడ ఉంటుంది."

"ఆవిడ ఉండదుగా. ఎండలకి సముద్రం దగ్గర వాళ్ళ అక్క ఇంటికి పోతుందని మీరే చెప్పారు, తాళం చెవి పక్కింటి వాళ్ళకిచ్చి. మరి ఆ ఇంటి మీద ఏం రాయించారు?"

మేజర్ ముక్కులోంచి గాలి వదిలాడు. అది నవ్వో కాదో అతనికే తెలిసినట్టు లేదు. కింద వరస వంపు తిరుగుతోంది. ఆఖరి గుర్రం మీద మనిషి ఒకసారి వెనక్కి తిరిగి శిఖరం వైపు చూసినట్టు అనిపించింది. అంత దూరాన ఎవరన్నది చెప్పలేం.

"గీకే కత్తి తెచ్చావా?" అన్నాడు మేజర్.

"తెచ్చాను."

"అయితే ఆ మాట తీసెయ్. కమిషన్ ఏం చేస్తుందో నేను చెప్పలేను. రేపే వాళ్ళు ఇంకేదైనా సాకు వెతుక్కోవచ్చు."

"తెలుసండీ."

"కింది మాట ఉంచు. పచ్చిక మంచిదే."

కాన్రాడ్ బండ మీద షీటు పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తిని వాలుగా పట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ కాగితం పై పొరతో సహా గీకాడు. సిరా పొడిపొడిగా లేచి గాలికి పోయింది. నూగు లేచిన చోట గోటి వెనక భాగంతో రుద్ది నున్నగా చేశాడు, లేకపోతే కొత్త సిరా పాకుతుంది. తర్వాత సీసా మూత తీసి, నది వంపు దగ్గర చిన్న త్రిభుజం గీసి, మధ్యలో చుక్క పెట్టి, పక్కన పేరు రాశాడు.

మబ్బు సూర్యుణ్ణి మింగింది. ఇత్తడి చక్రం సన్నగా రొద మొదలెట్టింది. ఆ శబ్దానికి ఎప్పుడూ అందరికన్నా ముందు దిగేది మేజరే. నికాసియో గబగబా థియోడొలైట్ పెట్టెలో సర్ది భుజానికెత్తుకున్నాడు.

"ఆరిందా?" అన్నాడు మేజర్.

"ఇంకా లేదు."

మొదటి చినుకు బండ మీద పడింది. మేజర్ టోపీ తీసి, మోకాలి మీద వంగి, షీటు మీద ఆ చోటికి గొడుగులా పట్టుకున్నాడు.